కనపడలేదంటే లేదని కాదు

మా ఫ్రిజ్ తలుపు మీద, మా అమ్మాయి వేసిన నెమలి బొమ్మ పక్కన, మూడు కాగితాలు కొన్నాళ్ళపాటు అయస్కాంతం కింద వేలాడాయి. మూడూ ఒకే కార్ల డీలరు సర్వీసు డిపార్ట్‌మెంటు ఇచ్చినవి. తేదీలు వేరు, అడుగున ఉన్న మాట మాత్రం ఒకటే: "కుడ్ నాట్ డూప్లికేట్". మీరు చెప్పిన సమస్య మా దగ్గర రాలేదు, బండి తీసుకెళ్ళండి అని దాని తాత్పర్యం.

పంటి నొప్పితో రాత్రంతా జాగారం చేసి, పొద్దున్నే డాక్టరుగారి కుర్చీలో కూర్చోగానే నొప్పి మాయమైపోవడం మనలో చాలామందికి అనుభవమే. అయినా ఏ డాక్టరూ "ఇప్పుడు నొప్పి లేదు కాబట్టి రాత్రి కూడా లేదు" అనగా నేను వినలేదు. కార్ల డాక్టర్లు మాత్రం అంటారు. అని, సంతకం పెట్టి, కాగితం చేతికిస్తారు. ఇవాళ నా గొడవంతా ఆ కాగితంతోనే.

ముందు కథ చెప్తాను, తర్వాత తిట్లు.

2022 నవంబరులో కొత్త కారు కొన్నాం. ఏ కంపెనీదో చెప్పను. చెప్తే ఇది ఆ కంపెనీ మీద పితూరీ అయిపోతుంది, మిగతా కంపెనీల కార్లున్నవాళ్ళు "హమ్మయ్య, మనది కాదు" అనుకుని చదవడం మానేస్తారు. మూడేళ్ళు లేదా 36,000 మైళ్ళు, ఏది ముందైతే అది, బంపర్ నుంచి బంపర్ దాకా వారంటీ. సంతకాలు పెట్టించుకునేటప్పుడు ఆ వారంటీ గురించి అమ్మినాయన చెప్పిన తీరు, పెళ్ళిచూపుల్లో అబ్బాయి గురించి మధ్యవర్తి చెప్పినట్టుంది. ఏ లోపమూ లేదుట, ఒకవేళ ఉన్నా వాళ్ళే చూసుకుంటారుట.

ఏడాదిపాటు ఏ గొడవా లేదు. 2023 డిసెంబరులో, 13,000 మైళ్ళు తిరిగాక, ఒక వాన పొద్దున మా ఆవిడ అమ్మాయిని స్కూల్లో దింపి ఫోన్ చేసింది. "ఏమండీ, డ్యాష్‌బోర్డు మీద లైట్లన్నీ దీపావళిలాగా వెలిగాయి" అంది. ఏబీఎస్ అన్న పసుప్పచ్చ అక్షరాలు, పక్కనే వంకర టింకర గీతలు వదుల్తూ జారిపోతున్న కారు బొమ్మ, కింద సర్వీసుకి తీసుకెళ్ళమని ఒక హెచ్చరిక. పదిహేనేళ్ళుగా సాఫ్ట్‌వేర్లో ఉన్నవాణ్ణి కదా, నోటికొచ్చిన మొదటి సలహా ఇచ్చేశాను: "ఆపి, మళ్ళీ స్టార్ట్ చెయ్యి". చేసింది. లైట్లు పోయాయి. నేనూ నా మీటింగులో పడిపోయాను.

వారం తర్వాత మళ్ళీ వచ్చాయి. ఈసారి డీలరు దగ్గరికి తీసుకెళ్ళాను. సర్వీసు అడ్వైజరు చాలా మర్యాదస్థుడు. కాఫీ ఇచ్చాడు, కుర్చీ చూపించాడు, రెండు గంటల తర్వాత నవ్వుతూ వచ్చి "ప్రస్తుతం కోడ్‌లేమీ లేవు, బండి భేషుగ్గా ఉంది" అన్నాడు. జనవరిలో రెండోసారి వెళ్తే ఒక రోజంతా ఉంచుకున్నారు. పది మైళ్ళు నడిపామనీ, ఏ లైటూ రాలేదనీ చెప్పారు. నేను థాంక్స్ చెప్పి వచ్చేశాను. అవును, థాంక్స్ చెప్పాను.

ఫిబ్రవరిలో జరిగింది మాత్రం నవ్వుకునేది కాదు. తడిసిన రోడ్డు, ఎదురుగా ఎర్ర లైటు. మా ఆవిడ నెమ్మదిగానే వస్తోంది, బ్రేకు తొక్కింది. పాదం కింద పెడల్ గరగరమని వణికింది, కారు ఆగవలసిన చోట ఆగలేదు. గీత దాటి, సగం కారు అవతలికి వెళ్ళి నిలబడింది. రోడ్డు దాటుతున్న ఒక పెద్దాయన వెనక్కి గెంతాడు. వెనక సీట్లో మా అయిదేళ్ళ అమ్మాయి ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ రోజు మా ఆవిడ ఇంటికొచ్చి తాళాలు టేబుల్ మీద పెట్టి, "ఇంక ఈ కారు నేను నడపను" అంది. అరవలేదు, ఏడవలేదు. అదే నాకు ఎక్కువ భయమేసింది.

మూడోసారి వెళ్ళాను. ఇదంతా వివరంగా చెప్పాను. రెండు రోజులు ఉంచుకుని ఇచ్చిన కాగితం మీద ఇలా ఉంది: "కుడ్ నాట్ డూప్లికేట్. కోడ్స్ క్లియర్డ్. రోడ్ టెస్ట్ ఓకే."

ఆ రాత్రి వంటింట్లో నిలబడి ఆ కాగితం నాలుగుసార్లు చదివాను. సమస్య దొరకలేదుట. కోడ్‌లు చెరిపేశారుట. సమస్యే లేకపోతే చెరిపిన ఆ కోడ్‌లేమిటి?

ఇక్కడ కొంచెం సాంకేతికం చెప్పుకోవాలి. విసుక్కోకండి, ఇది తెలియకపోవడం వల్లే మనం కాఫీ తాగి వెనక్కొస్తున్నాం.

అమెరికాలో 1996 మోడల్ నుంచి ప్రతి కారులోనూ ఓబీడీ-2 అనే స్వీయ పరీక్ష వ్యవస్థ ఉండి తీరాలి. చెక్ ఇంజిన్ లైటు దాని నోరు. ఆ లైటు ఊరికే వెలగదు. చాలా లోపాలకి ఒక ప్రయాణంలో తేడా కనపడితే పెన్సిల్‌తో రాసుకుంటుంది, రెండో ప్రయాణంలో మళ్ళీ కనపడితే పెన్నుతో రాసి లైటు వెలిగిస్తుంది. ఆ క్షణంలో ఇంజిన్ వేడెంత, వేగమెంత, భారమెంత అన్న వివరాలన్నీ ఫ్రీజ్ ఫ్రేమ్ అనే ఫొటోలో దాచుకుంటుంది. వరసగా మూడు ప్రయాణాలు బాగా జరిగితే లైటు తనంతట తనే ఆరిపోతుంది. కానీ కోడ్ పోదు. ఇంజిన్ చల్లబడి మళ్ళీ వేడెక్కడం ఒక నలభై సార్లు జరిగేదాకా అది జ్ఞాపకంలోనే ఉంటుంది. ఏబీఎస్‌కి వేరే కంప్యూటరు, దాని లెక్కలు వేరు. అయినా దానికీ సొంత జ్ఞాపకం ఉంది. అందులో ఇప్పుడున్న కోడ్‌లు వేరు, ఇదివరకు వచ్చి పోయిన హిస్టరీ కోడ్‌లు వేరు.

అంటే డ్యాష్‌బోర్డు మీద ఆరిపోయిన లైటు కారు జ్ఞాపకంలో ఆరిపోదు. మనిషి సాక్ష్యాన్ని నమ్మకపోతే పోనీ, యంత్రం సాక్ష్యం అక్కడే ఉంది. "ప్రస్తుతం కోడ్‌లేమీ లేవు" అన్న వాక్యంలో "ప్రస్తుతం" అన్న మాట ఎంత పని చేస్తోందో నాకు మూడో కాగితం చదివాకగానీ అర్థం కాలేదు. నా బోటి వాడికే, కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసి లాగ్ ఫైళ్ళు చదువుకుని పొట్ట పోసుకునేవాడికే అర్థం కాకపోతే, ఇంకెవరికి అర్థమవుతుంది?

డీలరు తరఫున చెప్పవలసింది కూడా ఉంది, చెప్తాను. వచ్చి పోయే లోపాన్ని పట్టుకోవడం నిజంగా కష్టం. చలిలోనే వచ్చేదీ, ఎడమవైపు తిరిగితేనే వచ్చేదీ, కార్‌వాష్ తర్వాతే వచ్చేదీ వెచ్చని షెడ్డులో నిలబెట్టిన బండిలో రమ్మంటే రాదు. పైగా ఇక్కడ చాలా డీలర్ల దగ్గర మెకానిక్కులకి గంటల లెక్కన జీతం ఉండదు, ఫ్లాట్ రేట్ ఉంటుంది. బ్రేకు ప్యాడ్లు మార్చడానికి ఇన్ని గంటలు, సెన్సర్ మార్చడానికి ఇన్ని గంటలు అని పుస్తకంలో రాసి ఉంటుంది, అంతే ఇస్తారు. వారంటీ పనికి కంపెనీ ఇచ్చే గంటలు, బయటి గిరాకీకి వేసే గంటలకంటే తక్కువే ఉంటాయి. ఇక దొరకని లోపం కోసం సగం రోజు వెతికితే ఆ సగం రోజుకి ఇచ్చేది దాదాపు సున్నా. అదే సమయంలో పక్కవాడు నాలుగు ఆయిల్ మార్పిళ్ళు చేసుకుంటాడు.

అందుకని ఆ మెకానిక్కుని నేను తిట్టను. వెతికితే పస్తు, వెతక్కపోతే జీతం అని ఏర్పాటు చేసినవాళ్ళని తిడతాను. వారంటీ అన్నది కారు గురించి ఇచ్చిన మాట, మెకానిక్కు చూసిన ఆ రెండు గంటల గురించి ఇచ్చిన మాట కాదు. మాకు కనపడలేదు అన్న వాక్యం నిజమే. ఆ వాక్యం కింద గీత గీసి ఫైలు మూసేయడమే అబద్ధం. స్కానరు వాళ్ళ దగ్గర, వైరింగ్ పటాలు వాళ్ళ దగ్గర, అలాంటి వెయ్యి కార్ల అనుభవం వాళ్ళ దగ్గర. లోపాన్ని ఋజువు చేసే భారం మాత్రం వెనక సీట్లో పిల్లని పెట్టుకుని వానలో నడిపే తల్లిది. ఇదెక్కడి న్యాయం?

"లైటే కదండీ, ఇంత రాద్ధాంతమా?" అంటారేమో. రెండు పాత సంగతులు గుర్తు చేస్తాను.

థెరాక్-25 అని కేన్సర్ రోగులకి రేడియేషన్ ఇచ్చే యంత్రం. మాస్టర్స్‌లో దాని గురించి చదవని కంప్యూటర్ సైన్సు విద్యార్థి అరుదు. 1986 మార్చిలో టెక్సస్‌లోని టైలర్ అనే ఊళ్ళో ఒక రోగికి ఇవ్వవలసినదానికి ఎన్నో రెట్లు రేడియేషన్ తగిలింది. తెర మీద "మాల్‌ఫంక్షన్ 54" అని మాత్రమే వచ్చింది. కంపెనీ ఇంజనీర్లు వచ్చి పరీక్షించారు. వాళ్ళకి ఆ తప్పు రాలేదు. అధిక మోతాదు అసాధ్యమన్నారు. ఏప్రిల్‌లో యంత్రాన్ని మళ్ళీ వాడుకలో పెట్టారు. కొద్ది రోజులకే ఇంకో రోగికి అదే జరిగింది. చివరికి పట్టుకున్నది ఎవరు? ఆ ఆసుపత్రిలో భౌతిక శాస్త్రవేత్తా, యంత్రం నడిపే ఆపరేటరూ. ఇద్దరూ కూర్చుని, ఆవిడ ఆ రోజు ఏ మీటలు ఏ వరసలో ఎంత వేగంగా నొక్కిందో అలాగే మళ్ళీ మళ్ళీ నొక్కి, తప్పుని రప్పించారు. వేగంగా టైపు చేస్తేనే వచ్చే తప్పు అది. నిదానంగా పరీక్షించే ఇంజనీరుకి జన్మలో రాదు. 1985 నుంచి 1987 దాకా ఆ యంత్రాల వల్ల ఆరు ప్రమాదాలు జరిగాయి.

రెండోది కార్లదే. 2014లో జనరల్ మోటార్స్ ఇగ్నిషన్ స్విచ్ లోపం వల్ల సుమారు 26 లక్షల కార్లని వెనక్కి పిలిచింది. గుంటలో పడినా, తాళాల గుత్తి బరువుగా ఉన్నా, మోకాలు తగిలినా తాళం చెవి దానంతటదే వెనక్కి తిరిగేది. నడుస్తున్న బండిలో ఇంజిన్ ఆగిపోయేది, గుద్దుకుంటే ఎయిర్‌బ్యాగులు తెరుచుకునేవి కావు. ఎప్పుడో ఒకసారి వచ్చి పోయే లోపం. ఆ సంగతి కంపెనీలో పదేళ్ళ ముందునుంచీ తెలుసు. దాన్ని భద్రతకి సంబంధించిన విషయంగా కాకుండా కస్టమరు సౌకర్యానికి సంబంధించిన విషయంగా లెక్కకట్టారు. 2005లో డీలర్లకి వెళ్ళిన సలహా, తాళాల గుత్తిలో బరువు తగ్గించుకోమని చెప్పండి అని. నష్టపరిహార నిధి లెక్క ప్రకారం ఆ స్విచ్ వల్ల 124 మంది పోయారు. 2015లో కంపెనీ 90 కోట్ల డాలర్లు కట్టి క్రిమినల్ కేసు సర్దుబాటు చేసుకుంది.

నా కారుని వీటితో పోల్చడం లేదు. "నా ముందు జరగలేదు కాబట్టి జరగలేదు" అన్న తర్కం ఎక్కడిదాకా పోగలదో చెప్తున్నాను. అన్నట్టు, నా కారు జబ్బులాంటిదే పాతకాలంలో ఒకటుంది. రోడ్ల మీద ఉప్పు చల్లే మంచు రాష్ట్రాల్లో చక్రాల దగ్గర తుప్పు పట్టి, నెమ్మదిగా వెళ్ళేటప్పుడు అనవసరంగా ఏబీఎస్ పనిచేసి, బండి ఆగడానికి ఎక్కువ దూరం పడుతోందని 2005లో జనరల్ మోటార్సే 1999-2002 మోడళ్ళ పికప్పులూ ఎస్‌యూవీలూ 8 లక్షల దాకా వెనక్కి పిలిచింది. నేను ఒక్క సాయంత్రం వెతికితే దొరికిన సంగతి ఇది. రోజూ బ్రేకులు చూసేవాళ్ళకి తట్టదా?

ఇప్పుడు మనవాళ్ళ వంతు.

ఈ సంగతి మిత్రుల దగ్గర ఎత్తితే వచ్చిన సలహాలు చూడండి. ఒకాయన: "బ్యాటరీ తీగ పీకి అరగంట ఉంచండి గురువుగారూ, లైట్లు పోతాయి." పోవచ్చు, దాంతో పాటు ఉన్న కాస్త సాక్ష్యమూ పోవచ్చు. దొంగతనం జరిగిన ఇల్లు పోలీసులొచ్చేలోపు శుభ్రంగా తుడిచిపెట్టినట్టు. ఇంకొకాయన: "వారంటీ అయ్యేలోపు ఇచ్చేసి ఇంకోటి తీసుకోండి." అంటే మా ఆవిడకి వద్దన్న బ్రేకులు ఇంకెవరి ఆవిడకో అంటగట్టమని. మూడో ఆయన గొంతు తగ్గించి చెప్పాడు: "వీసా మీద ఉన్నాం, గ్రీన్ కార్డు లైన్లో ఉన్నాం. వీళ్ళతో మనకెందుకండీ గొడవలు?"

ఆ మూడో మాట దగ్గరే నాకు కాలింది. ఎందుకంటే అది నా మాటే. ఆ భయంతోనే రెండుసార్లు థాంక్స్ చెప్పి వచ్చింది నేనే. ఈ దేశంలో కారు డీలరుని "ఇది సరిగ్గా చెయ్యలేదు, మళ్ళీ చూడండి" అంటే వీసాకి ఏమవుతుందండీ? ఏమీ అవదు. కొన్న సరుకుకి ఇచ్చిన మాట నిలబెట్టుకోమనడం గొడవ కాదు. సర్దుకుపోవడం మంచి గుణమే, రైల్లో సీటు దగ్గర. బ్రేకుల దగ్గర కాదు. అడగందే అమ్మైనా పెట్టదని చిన్నప్పుడే నేర్చుకున్నాం. పాతికేళ్ళ తర్వాత, ఇంత దూరమొచ్చి, అమ్మ కానివాడు అడగకుండానే పెడతాడని కూర్చున్నాం.

నాకు దారి చూపించింది మా మేనమామ. గుడివాడ డిపోలో ఆర్టీసీ డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఆదివారం ఫోన్లో మాటల మధ్యలో కారు గోల చెప్పాను. ఆయన విని నవ్వాడు. "ఒరే అల్లుడూ, బండి నిలబెట్టి చప్పుడేదిరా అంటే ఏం వినపడుద్ది? తిరిగేటప్పుడు వచ్చే జబ్బు తిరిగేటప్పుడే చూడాలి. నేనైతే మెకానిక్కుని పక్కన ఎక్కించుకుని, ఏ గుంటలో చప్పుడొచ్చుద్దో ఆ గుంటలోకే పోనిచ్చేవోణ్ణి."

టైలర్‌లో ఆ ఇద్దరూ చేసిందీ ఇదే కదా!

ఆ రోజునుంచీ ఒక పట్టిక పెట్టాను. తేదీ, సమయం, చలి ఎంత, వానా ఎండా, వేగం, ఎటు తిరుగుతున్నాం, అంతకుముందు కారు కడిగించామా. కారు నేను నడిపాను. పక్కన కూర్చున్న మా ఆవిడ ఫోన్లో వీడియోలు తీసింది. నెల తిరిగేసరికి పాతవీ కొత్తవీ కలిపి పదకొండుసార్లు తేలింది. అందులో తొమ్మిది తడి రోజుల్లో, లేదా కార్‌వాష్ తర్వాత. దాదాపు అన్నీ ఎత్తుపల్లాల రోడ్డు మీద, ఎడమకి తిరిగేటప్పుడు.

2024 ఏప్రిల్లో నాలుగోసారి వెళ్ళాను. కాఫీ వద్దన్నాను. పట్టిక ఇచ్చి, వీడియోలు చూపించి, మూడో కాగితంలో "కోడ్స్ క్లియర్డ్" అన్న మాట కింద గీత గీసి, షాపు ఫోర్‌మన్ నాతో పాటు కారెక్కితేగానీ కదలనన్నాను. నా గొంతు వణికింది, దాచడమెందుకు. ఆయన వచ్చాడు. దారిలో కార్‌వాష్‌లో చక్రాల గూళ్ళు తడిపించాను. మా అపార్ట్‌మెంట్ల వెనక గతుకుల రోడ్డుకి తీసుకెళ్ళి ఎడమకి తిప్పాను. కార్‌వాష్ దాటిన ఏడో నిమిషంలో లైట్లన్నీ వెలిగాయి. ఆయన ఒళ్ళో ఉన్న స్కానరులో మూడు చక్రాల వేగం సరిగ్గా ఉంది, ఎడమ వెనక చక్రానిది సున్నాకి పడిపోతూ లేస్తూ ఉంది.

ఒక్కో చక్రం దగ్గర ఒక్కో సెన్సర్ ఉంటుంది. నాలుగూ పంపే అంకెల్ని పోల్చుకుని, ఏ చక్రం బిగుసుకుపోయిందో కంప్యూటరు లెక్క కడుతుంది. ఒకటి హఠాత్తుగా సున్నా అంటే, ఆ చక్రం జారుతోందనుకుని అక్కడ బ్రేకు వదిలేసే ప్రమాదముంది. ఫిబ్రవరిలో మా ఆవిడ పాదం కింద గరగర అదే. షెడ్డులో విప్పి చూస్తే, ఆ సెన్సర్ తీగని కలిపే ప్లగ్గు ఫ్యాక్టరీలోనే పూర్తిగా నొక్కుకోలేదు. సందులోంచి నీరూ ఉప్పూ పోయి లోపలి పిన్నులు పచ్చగా చిలుం పట్టాయి. సెన్సరూ తీగా మార్చడానికి గంట కూడా పట్టలేదు.

ఫోర్‌మన్ నిజాయితీపరుడు. పాత స్కాన్ రిపోర్టులు తీయించి చూసి, నా వైపు తిప్పాడు. మొదటిసారి నుంచీ మూడుసార్లూ హిస్టరీలో ఒకటే కోడ్ ఉంది: ఎడమ వెనక చక్రం. మూడుసార్లూ చూశారు, మూడుసార్లూ చెరిపారు, మూడుసార్లూ "కుడ్ నాట్ డూప్లికేట్" అని రాశారు. కారు చెప్తూనే ఉంది. నేను చెప్తూనే ఉన్నాను. రాసే చెయ్యి మాత్రం ముందే రాసిపెట్టుకుంది.

అందుకని మీకు నాలుగు మాటలు.

లైటు వెలిగినప్పుడు పక్కనున్నవాళ్ళ చేత వీడియో తీయించండి, నడిపేవాళ్ళు తీయకండి. చెక్ ఇంజిన్ లైటు మిణుకు మిణుకుమంటుంటే ఇంజిన్ మిస్‌ఫైర్ అవుతోందని అర్థం, ఇంకా నడిపితే కెటలిటిక్ కన్వర్టర్ పాడవుతుంది. ఎర్ర లైటైతే అసలు ఆలోచించకుండా పక్కకి తీసి ఆపండి. విడిభాగాల షాపుల్లోనూ, చవక స్కానర్లలోనూ ఇంజిన్ కోడ్‌లు కనపడతాయి, ఏబీఎస్ కోడ్‌లు చాలావాటిలో కనపడవు. అక్కడ ఏమీ రాలేదని ఊరుకోవద్దు.

సర్వీసు కాగితంలో మూడు గడులుంటాయి: కంప్లైంట్, కాజ్, కరెక్షన్. మొదటి గడిలో మీ మాటలు మీరు చెప్పినట్టే రాయించండి. "లైటు గురించి అడిగారు" అని కాదు, "బ్రేకు వేస్తే కారు ఆగలేదు" అని. హిస్టరీ కోడ్‌లతో సహా స్కాన్ రిపోర్టు ప్రింటు అడగండి. ఏమీ దొరక్కపోయినా కాగితం లేకుండా గడప దాటకండి.

ఆ కాగితమే రేపు చట్టం. ఇక్కడ ప్రతి రాష్ట్రానికీ లెమన్ చట్టం ఉంది, వివరాలు వేరువేరు. మా న్యూజెర్సీలో కొత్త కారుకి మొదటి రెండేళ్ళు లేదా 24,000 మైళ్ళలోపు ఒకే లోపానికి మూడుసార్లు తిప్పినా తీరకపోతే, లేదా మొత్తం 20 రోజులు షాపులో కూర్చుంటే, తయారీదారుకి సర్టిఫైడ్ ఉత్తరంలో చివరి అవకాశమిచ్చి కారు వెనక్కి తీసుకోమని అడగొచ్చు. ప్రాణం మీదికొచ్చే లోపమైతే అంతకంటే తక్కువ ప్రయత్నాలే చాలు. మామూలు వారంటీ అయిపోయినా, ఇంజిన్ కంప్యూటరుకీ కెటలిటిక్ కన్వర్టరుకీ ఫెడరల్ చట్టం ప్రకారం 8 ఏళ్ళు, 80,000 మైళ్ళ దాకా హామీ ఉంటుంది. భద్రత విషయమైతే ఎన్‌హెచ్‌టీఎస్ఏకి ఫిర్యాదు చెయ్యండి, ఉచితం. కంపెనీలు డీలర్లకి పంపే సాంకేతిక సూచనలు కూడా అక్కడే వెతుక్కోవచ్చు.

మన ఊళ్ళో ఉన్నవాళ్ళూ ఇది మా గోల కాదనుకోకండి. ఇండియాలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6. ఇవే లైట్లు అక్కడా వెలుగుతున్నాయి. అక్కడ లెమన్ చట్టం అంటూ విడిగా లేదు, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్ ఉంది. కమిషన్ ముందు మీ కోపం పనికిరాదు, జాబ్ కార్డులు పనికొస్తాయి. పారేయకండి.

చివరగా ఒక ఒప్పుకోలు.

మా క్లయింటు ఆఫీసులో బిల్లింగ్ విభాగంలో పనిచేసే ఒక పెద్దావిడ, నెలాఖరున తన స్క్రీన్ బిగుసుకుపోతోందని రెండుసార్లు ఫిర్యాదు చేసింది. రెండుసార్లూ నా మెషీన్లో ప్రయత్నించాను, రాలేదు. రెండుసార్లూ ఏం రాసి మూసేశానో మీరు ఊహించగలరు. మా వృత్తిలోనూ ఆ ముద్ర ఉంది, "కెనాట్ రీప్రొడ్యూస్" అని. కొడితే టికెట్ల లెక్క తగ్గుతుంది, మేనేజరు సంతోషిస్తాడు. మాకూ ఒక ఫ్లాట్ రేట్ ఉందన్నమాట.

కారు బాగైన నెలలోనే ఆ రెండు టికెట్లూ తిరిగి తెరిచాను. నెలాఖరు సాయంత్రం ఆవిడతో పాటు ఫోన్లో కూర్చుని, ఆవిడ నొక్కినవే నొక్కమన్నాను. అదే సమయానికి మొదలయ్యే మా బ్యాచ్ పని ఒకటి ఆవిడ రికార్డుకి తాళం వేసేస్తోంది. లాగ్‌లో మొదటి నెల నుంచీ ఉంది, నేనే చూడలేదు. ఇన్నాళ్ళూ ఆ నెలాఖరుల్లో ఆవిడ అన్నీ మళ్ళీ కొట్టుకుంటూ రాత్రి ఎనిమిదింటిదాకా కూర్చునేదిట. సరిచేశాక ఆవిడ నాకు థాంక్స్ చెప్పింది. ఆ థాంక్స్ తీసుకోవడానికి నాకు చాలా సిగ్గేసింది.

ఫ్రిజ్ మీద కాగితాలు మూడూ ఇప్పుడు ఫైల్లో ఉన్నాయి. వాటి జాగాలో మా అమ్మాయి ఇంకో నెమలి అంటించింది. మా ఆవిడ మళ్ళీ కారు నడుపుతోంది, కాకపోతే వాన రోజుల్లో ఎర్ర లైటుకి చాలా ముందునుంచే బ్రేకు తొక్కుతుంది. తీగ మార్చారుగానీ ఆ భయం మార్చే వారంటీ ఏ కంపెనీ ఇవ్వలేదు.

మాకు కనపడలేదు అని రాయండి, తప్పులేదు. కానీ పని ఆ మాట దగ్గర మొదలవ్వాలి, ముగియకూడదు.